మెట్లు పీకేసిన గిటారు

ఖమ్మంలో మేముండే వీధి మలుపులో ఒక టీకొట్టు ఉంది. సారపాక కాగితం మిల్లుకి వెళ్ళే జామాయిల్ కర్రల లారీలు అప్పుడప్పుడూ అక్కడ ఆగుతాయి. డ్రైవర్లు ఇంజను కట్టేయకుండానే దిగి టీ తాగి వస్తారు. మొన్న పొద్దున అలాగే ఒక లారీ మా కిటికీ కింద ఆగింది. ముందు పచ్చి ఆకు వాసన వచ్చింది, జలుబుకి రాసుకునే మందు వాసన లాంటిది. ఆ వెనకే ఇంజను గురగుర. చెవికి అంతగా తెలియలేదు గానీ బల్ల మీద స్టీలు గ్లాసు సన్నగా వణకడం మొదలుపెట్టింది. నాకది పక్కటెముకల్లో తెలిసింది. రత్నం అన్న బేస్ గిటారు వాయిస్తే సరిగ్గా అక్కడే తెలిసేది. ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఆయన గురించి ఎవరికైనా చెప్పబోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, ఎక్కడ ఆపాలో అసలే తెలియదు. ఆయన నన్ను పాడేలా చేశాడా, పాడుచేశాడా అన్నది నాకింకా తేలలేదు మరి. తేలకపోయినా చెప్పుకోవాలనే ఉంది.

రత్నం అన్నది ఇల్లందు. తండ్రి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. అన్న చర్చిలో గిటారు నేర్చుకుని, ఆ మోజులో హైదరాబాదు వెళ్ళి, అక్కడ ఒక మెటల్ బ్యాండులో చేరాడు. మెటల్ అంటే తెలియని వాళ్ళకు ఒక్క మాట. మనిషంత ఎత్తు స్పీకర్లు పెట్టుకుని, జుట్టు విరబోసుకుని, గొంతు చించుకుని పాడే సంగీతం అది. అందులో ఎంత కోపం ఉంటుందో అంత లెక్కా ఉంటుందని అన్న అనేవాడు. నాకు మాత్రం కోపమే వినిపించేది. వాళ్ళ బ్యాండు పేరు నల్లబాయి. ఇల్లందు కుర్రాడు పెట్టిన పేరు ఇంకెలా ఉంటుంది! ఆ బ్యాండుకి హైదరాబాదు కాలేజీల్లో కాస్త పేరు వచ్చాక, ఇంకా పైకి వెళ్తారని అందరూ అనుకుంటున్నప్పుడు, అన్న చెప్పాపెట్టకుండా తిరిగొచ్చేశాడు. సారపాకలో జామాయిల్ లారీలు దింపించే కాంట్రాక్టు పనిలో కుదిరి, మరియమ్మ వదినతో అక్కడే ఒక కిరాయింట్లో కాపురం పెట్టాడు. ఎందుకొచ్చావని ఎవరడిగినా, "మా ఊరి బస్సు కనబడ్డది, ఎక్కిన" అనేవాడు.

నాది కల్లూరు. మా తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్నారు. నేను కాస్త సంగీతం నేర్చుకుని, ఇంట్లో అందరితో పోట్లాడి, బాషా భాయ్ ఆర్కెస్ట్రాలో గాయనిగా చేరాను. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్ళలోకి వస్తున్న రోజులు. బాషా భాయ్ ఆర్కెస్ట్రా యజమాని, కీబోర్డు వాయించేదీ ఆయనే. భద్రాచలంలో ఒక టెంట్ హౌస్ వెనక గదిలో రిహార్సల్ జరిగేది. రత్నం అన్నను మొదటిసారి అక్కడే చూశాను. నల్లగా, బక్కగా, చొక్కా చేతులు మడిచి, ఒళ్ళో గిటారు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ గిటారు చూసి నోరు వెళ్ళబెట్టాను. వీణకు మెట్లుంటాయి కదా, గిటారుకూ అలాగే మెడ మీద అడ్డంగా లోహపు మెట్లుంటాయి. వాటి మధ్య వేలు పెడితే స్వరం దాని చోట అది పలుకుతుంది. అన్న గిటారుకు అవి లేవు. సారపాకలో ఒక వడ్రంగి దగ్గర కూర్చుని, పటకారుతో ఒక్కొక్కటే పీకేసి, ఆ గాడుల్లో సన్నటి టేకు పేళ్ళు దిగ్గొట్టి నున్నగా తోమించాడట. ఇక వేలు ఎక్కడ పెడితే అక్కడే స్వరం. వెంట్రుకవాసి అటైనా ఇటైనా అపస్వరమే.

ఎందుకు పీకేశాడన్నది మా అందరికీ పెద్ద చిక్కు. బాషా భాయ్ అడిగితే, "అరిగిపోయినయ్ భాయ్, ఖమ్మంల మార్చెటోడు లేడు" అన్నాడు. వదిన అడిగితే వేళ్ళు కోస్తున్నాయన్నాడు. నేనడిగితే కాసేపు తీగ మీద వేలు జరిపి, "అవి ఉంటే ఆడనే నిలవడాలె చెల్లె. నాకు మధ్యల పనుంటది" అన్నాడు. నాకు చెప్పిందే అసలు కారణమని కొన్నాళ్ళు మురిసిపోయాను. ఒకరోజు ఆ మాటే వదినతో అంటే ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూ తలైనా ఎత్తకుండా, "ముగ్గురికి మూడు చెప్తడు. నన్నడిగితే ఆయనకే తెల్వదు" అంది.

మా ఆర్కెస్ట్రాలో ఒక పద్ధతి ఉండేది. పెద్ద ఆర్కెస్ట్రాల్లో పాడేవాళ్ళకు తమ గొంతు తమకు వినిపించేలా స్టేజీ మీదే విడిగా ఒక స్పీకరు పెడతారు. మాకంత సరంజామా లేదు. స్పీకర్లన్నీ జనం వైపే తిప్పి ఉండేవి. స్టేజీ మీద ఉండేది ఒకే పెట్టె, అదీ రత్నం అన్న బేస్ పెట్టె. నేను దాని పక్కనే నిలబడి, అందులోంచి వచ్చే గుయ్యిమనే నాదాన్ని పట్టుకుని పాడేదాన్ని. అన్న నాకు ఎడమవైపు స్టూలు మీద కూర్చుని నా గొంతు వింటూ వాయించేవాడు. బాషా భాయ్ కీబోర్డు ఆ చివర ఎక్కడో. అంటే నా శ్రుతి ఆయన దగ్గర, ఆయన శ్రుతి నా దగ్గర. చీకట్లో ఇద్దరు మనుషులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, దారి రెండోవాళ్ళకు తెలుసులే అనుకుని నడిచినట్టు. అప్పుడు మాత్రం నాకిదేమీ తోచలేదు. ఆయన పక్కనుంటే నా గొంతు ఎప్పుడూ తప్పు పలకదని గర్వంగా ఉండేది. నెమ్మదిగా సాగే ఆలాపనల్లో ఆయన వేలు తీగ మీద జారుతూ నా వెంటే వచ్చేది. గమకం ఎక్కడ వేస్తానో నాకంటే ముందు ఆయనకు తెలిసినట్టుండేది. అంత హాయిగా ఆ తర్వాత ఇంకెవరి పక్కనా పాడలేదు.

మొదట్లో ఆయన మీద నాకు కోపం కూడా ఉండేది. వ్యానులో పక్కన కూర్చుని మాట్లాడితే కొన్నిసార్లు పలికేవాడు కాదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయేవాడు. హైదరాబాదు చూసొచ్చిన వాడని టెక్కు అనుకున్నాను. ఒకరోజు ఒళ్ళు మండి, "ఏంటన్నా, మేము మనుషుల్లా కనబడట్లేదా?" అని గట్టిగా అడిగేశాను. ఆయన ఉలిక్కిపడి ఇటు తిరిగి, "నన్నేనా? ఏమన్నవ్?" అన్నాడు. బాషా భాయ్ నవ్వాడు, నేనూ నవ్వేశాను. ఆ రోజు నేను ఆయనకు ఎడమవైపు కూర్చున్నానన్న సంగతి చాలా కాలానికి గానీ నాకు తట్టలేదు.

దుమ్ముగూడెం దాటాక అడవిలో ఒక కోయ గూడెం. అక్కడ బడిపంతులుగా చేసే ఆయన పెళ్ళికి మమ్మల్ని పిలిచారు. పట్టపగలు, ఎండ ఫెళఫెళ కాస్తోంది. మేము మా పాట మొదలుపెట్టేసరికి పందిరికి అవతల వాళ్ళ డోళ్ళవాళ్ళు ఎండుటాకులు మంటేసి, డోళ్ళను ఆ సెగకు చూపించి బిగువు చూసుకుంటున్నారు. సెగ తగిలిన కొద్దీ చర్మం బిగిసి నాదం పైకి పోతుంది. ఒకాయన కర్రతో కొట్టి చూస్తున్నాడు, మళ్ళీ సెగకు పెడుతున్నాడు. రత్నం అన్న మా పాట వాయిస్తూ వాయిస్తూనే కుడిచెవి అటు తిప్పాడు. ఆయన వేలు మెల్లగా జరిగింది. ఆ డోలు ఎక్కడ పలుకుతోందో బేస్ అక్కడికి చేరింది, నా గొంతూ తెలియకుండానే వెంట వెళ్ళింది. కీబోర్డు ఒక్కటే మాకు దూరంగా ఎక్కడో మిగిలిపోయింది. "అరే రత్నం, మన పాట చూడు భయ్యా! వాళ్ళది వాళ్ళు చూస్కుంటరు" అని బాషా భాయ్ నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఆఖరికి ఆయనే కీబోర్డు పక్కన శ్రుతిని పైకీ కిందికీ జరిపే చక్రం తిప్పుకుంటూ వచ్చి మాతో కలిశాడు. డోళ్ళు అందుకున్నాయి. పెళ్ళికొడుకు తాత లేచి వచ్చి ఆడాడు, ఆ వెనక గూడెమంతా ఆడింది.

తిరుగు ప్రయాణంలో బాషా భాయ్ గొణుగుతూనే ఉన్నాడు. "వాళ్ళూరు, వాళ్ళ డోలు. పొయ్యినోళ్ళం మనం గద భాయ్, మనమే సర్దుకోవాలె" అన్నాడు అన్న. బాషా భాయ్ వెంటనే, "సర్దుకుంట పోతె ఆఖరికి మన పాట యాడుంటది?" అన్నాడు. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది. ఇప్పటికీ అంతే.

కొన్నాళ్ళకు ఖమ్మంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉత్సవానికి నల్లబాయి బ్యాండు వచ్చింది. పాత స్నేహం కొద్దీ అన్నను ఒక్క పూట వాయించమన్నారు. నేను చెవుల్లో దూది పెట్టుకుని మరీ వెళ్ళాను. మైదానం నిండా కుర్రాళ్ళు తలలు ఊపేస్తున్నారు. ఆ హోరు మధ్యలో అన్న మెట్లు లేని గిటారు మీద ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంటే, ఈనబోయే గేదె అరిచినట్టు ఒక మూలుగు. కొందరు కుర్రాళ్ళు ఇదేంట్రా అన్నట్టు తల గీరుకున్నారు. బ్యాండువాళ్ళే ఇబ్బందిగా మొహాలు చూసుకున్నారు. నాకు మాత్రం ఆ గోలలో మనిషి గొంతులా వినిపించింది అదొక్కటే. ఆ కార్యక్రమానికే హైదరాబాదు నుంచి కిరణ్ అనే గిటారిస్టు వేరే బృందంతో వచ్చాడు. వాళ్ళది జాజ్ ఫ్యూజన్. మన రాగాలూ పడమటి జాజ్ సంగీతమూ కలిపి, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే తరహా. కిరణ్ స్టేజీ దిగుతున్న అన్న చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఇలాంటి బేస్ కోసమే ఇన్నాళ్ళూ వెతుకుతున్నానండీ. ఆల్బం చేస్తున్నాం, మీరు రావాలి. ఇది బాగా వస్తే ఇక మీరు మాతోనే" అన్నాడు.

ఆ రోజు అన్న మొహం చూడాలి. బతుకంతా దీనికోసమే కాచుకున్నవాడిలా ఉన్నాడు. పెళ్ళిళ్ళలో తన వేళ్ళు ఏం చేస్తున్నాయో ఎవరికీ పట్టదు, మెటల్లో అది ఇమడదు. ఈ ఫ్యూజన్ ఒక్కటే తన చోటు అని నాతో ఎన్నోసార్లు అన్నాడు. అటువంటి మనిషి వెంటనే ఒప్పుకోక, "మా చెల్లె పాడితెనే వస్త" అని కూర్చున్నాడు. వద్దన్నా, నువ్వెళ్ళు అన్నాను. వింటేనా!

హైదరాబాదు స్టూడియోలో మమ్మల్ని చెరో అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. పాటకు ముందు నెమ్మదిగా సాగే ఆలాపన, నా గొంతూ అన్న బేసూ మాత్రమే. తాళం లేదు, తంబురా లేదు. మాకు కొట్టిన పిండే అనుకున్నాను. పాడేటప్పుడు ఒళ్ళు తెలియలేదు, అంత బాగా కుదిరింది. తీరా ఆగాక కిరణ్ మొదలూ చివరా మళ్ళీ వేసి విన్నాడు. "మొదలుపెట్టిన చోట మీరిద్దరూ చివరికి లేరు. కలిసే ఉన్నారు, కానీ శ్రుతి కిందికి కలిసి దిగిపోయారు. వినడానికి ఎంతో అందంగా ఉంది, దీని మీద ఇంకే వాయిద్యమూ కూర్చోదు" అన్నాడు. ఇంకోసారి తీశారు. అదే. ఇంకోసారి. అదే. రికార్డింగ్ చేసే అతను మామూలుగా అన్నాడు: "ఎవరో ఒకరు ముందు దిగుతున్నారు సార్, రెండోవాళ్ళు వెంట పోతున్నారు. విడివిడిగా తీస్తే తెలిసిపోతుంది. ముందు బేస్ తీద్దాం."

అన్న అద్దంలోంచి నా వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఎన్నిసార్లు తిరగేసినా నాకు అంతుపట్టదు. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, "తీసుడెందుకు? నాదే. నా చెవి పోయింది కిరణ్. ఎడమది పనిచేస్తలేదు, చానా దినాలాయె" అన్నాడు. నల్లబాయినీ ఆ స్పీకర్ల హోరునీ వదిలి ఎందుకొచ్చాడో, వ్యానులో ఎందుకు పలికేవాడు కాదో నాకప్పుడు తెలిసింది. అయినా నా నోటికొచ్చింది వేరే. "కాదు, నేనే దిగుతున్నాను. నన్ను తీసి చూడండి" అన్నాను. నిజంగానే నాకలా అనిపించింది. కిరణ్ తల పట్టుకున్నాడు. అన్న అప్పటికే గిటారు సంచిలో పెట్టేస్తున్నాడు. నేనూ లేచాను. "నువ్వు గూడ వస్తే గీ పాట ఎవలు పాడాలె? కూసో" అని గదమాయించి ఒక్కడే బస్సుకు వెళ్ళిపోయాడు. ఎవరు ముందు దిగారో చెప్పగలిగే ఆ పరీక్ష జరగనే లేదు.

మర్నాడు మామూలు మెట్ల గిటారుతో ఒకతను వచ్చాడు. నా శ్రుతి ఎక్కడా చెక్కు చెదరలేదు. చూశారా, లోపం ఆయనదే అని తేల్చేశారు అందరూ. నాకు ఏడుపొచ్చింది. గోడకు ఆనుకుంటే ఎవరైనా నిటారుగానే నిలబడతారు కదా! నేను ఎవరి పక్కన నిలబడితే వాళ్ళనే పట్టుకునే మనిషినైతే, ఇందులో తేలిందేముంది? ఆల్బం వచ్చింది. నా పేరు నలుగురి నోటా పడింది, తర్వాత ఇంకొన్ని పాటలు దొరికాయి. ఆ ఆల్బంలో ఎంత వెతికినా రత్నం అన్న వేలి చప్పుడు ఒక్కటి లేదు.

ఉండబట్టలేక ఒక ఆదివారం సారపాక వెళ్ళాను. అన్నా వదినా చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నారు. నాకూ కంచం పెట్టారు. అన్నం కలుపుతూనే, ఆ రోజు నిజంగా శ్రుతి దిగింది ఎవరని అడిగేశాను. "ఏంది చెల్లె, గింత దూరం గిదడగనీకె వచ్చినవా?" అని నవ్వాడు. వదినకు మాత్రం కోపం ఆగలేదు. "గాయన్నేమడుగుతవ్? హైదరాబాద్ పోకముందే దవాఖానాల చూపిచ్చిన. ఎడమది పోయింది గని కుడి చెవి మంచిగున్నదన్నరు. గిప్పుడు మొత్తానికే పోయినట్టు చెప్పుకొని వచ్చిండు" అంది.

"కుడి చెవి మంచిగుంటే శ్రుతి మంచిగున్నట్టేనా?" అన్నాడు అన్న. "డాక్టరు టిక్ టిక్ చప్పుడు వినిపిచ్చిండు. రాగం వినిపియ్యలే."

"అయితే నేనే ముందు దిగానా?"

"ఏమో. దిగుతున్నట్టు నాకైతే అనిపియ్యలే. నువ్వు ఆడున్నవ్, నేను ఆడికొచ్చిన. నువ్వు గూడ గట్లనే అనుకున్నవేమో."

"తెలియనప్పుడు నాదే అని ఎందుకన్నావు మరి?"

"ఎవలో ఒకలు అనాలె గద" అన్నాడు, అదేమంత పెద్ద సంగతి కానట్టు. "తినుకుంట మాట్లాడు. చారు సల్లారిపోతాంది."

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. నా కోసం అబద్ధమాడాడంటే కాళ్ళకు దండం పెట్టి వచ్చేదాన్ని. నిజమే చెప్పాడంటే గుండె మీద బరువు దిగేది. రెండూ కాకుండా, తెలియదంటాడేమిటి! బతుకంతా కాచుకున్న చోటును తెలియని సంగతి కోసం వదులుకుంటారా ఎవరైనా? బస్సులో కల్లూరు చేరేదాకా ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆ తర్వాత కిరణ్ ఎన్నిసార్లు పిలిచినా అన్న వెళ్ళలేదు. ఆదివారాలు సారపాక చర్చిలో వాయించేవాడు. పాట చివరికొచ్చేసరికి శ్రుతి దిగిపోతోందని అక్కడా కొందరన్నారట. పాడే జనమే దిగుతున్నారని పాస్టరు గారు అన్నారట. అదీ తేలలేదు. ఒకనాడు లారీల దగ్గర గుండెలో నొప్పి అని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. సమాధి దగ్గర వదిన నా చెయ్యి పట్టుకుని, "ఆయన నీ గురించి ఒక్క మాట గూడ తక్వ చేసి అనలేదు చెల్లె, అన్నది నేనే" అని ఏడ్చింది. ఆవిడ భుజం పట్టుకుని నేనూ ఏడ్చాను.

ఇప్పుడు నేను సంగీతం చెప్పుకుని బతుకుతున్నాను. కరెంటుతో నడిచే శ్రుతిపెట్టె లేకుండా నోరు విప్పను. నా మీద నాకు అంత అనుమానం. పోయిన వానాకాలం ఒక సాయంత్రం ఒకమ్మాయికి ఆలాపన చెబుతుండగా కరెంటు పోయింది. ఆ పిల్ల మంచి ఊపులో ఉంది, ఆపడం ఇష్టం లేక నేనూ పక్కన సన్నగా గొంతు కలిపాను. చాలాసేపు పాడాం. ఎంత హాయిగా ఉందో! ఇంతలో కరెంటు వచ్చి శ్రుతిపెట్టె దానంతటదే మోగింది. మేమిద్దరం దాని కిందెక్కడో ఉన్నాం. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. వారంలో దానికి పోటీ ఉంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనే దిగిపోయానా మేడం?" అంది.

"నువ్వు కాదమ్మా, నేను" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, అది నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదటినుంచి అందుకుంది.